హాస్టల్ లేదన్నారు.. వాళ్లే పెట్టుకున్నారు!

సీతమ్మధారలో ఏ లేడీస్ హాస్టల్‌కి వెళ్లినా సాయంత్రం ఒకటే సీన్. ఒకరు ఆప్టిట్యూడ్ లెక్కలు చేస్తుంటారు. ఇంకొకరు అద్దం ముందు నిలబడి సెల్ఫ్ ఇంట్రడక్షన్ అప్పజెప్పుకుంటుంటారు. మీ పక్క మంచం అమ్మాయికి మొన్నే ఆఫర్ వచ్చింది. రెఫరల్ ఇవ్వమని ఆమెను అడిగారా? చాలామంది అడగరు. మొహమాటం.

ఈ మొహమాటం లేకుండా చేసే ఏర్పాటు అమెరికా క్యాంపస్‌లలో ఒకటుంది. పేరు సొరోరిటీ. గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే విద్యార్థినుల సంఘం అది. ఒక్కో కాలేజీలోని శాఖను చాప్టర్ అంటారు. చేరినవాళ్లు చదువు అయిపోయాక కూడా సభ్యులే. సినిమాల్లో పార్టీలు చూసి ఇదేదో డబ్బున్నవాళ్ల క్లబ్ అనుకుంటాం కానీ, పుట్టిన కారణం వేరు. ఇండియానాలోని ఒక కాలేజీ 1867లో మొదటిసారి ఆడపిల్లలను చేర్చుకుంది. మగపిల్లల సంఘాల్లో వాళ్లకు చోటు లేదు. దాంతో నలుగురు కలిసి 1870లో కప్పా ఆల్ఫా థీటా పెట్టుకున్నారు. నల్లజాతి విద్యార్థినులు 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా స్థాపించారు. కమలా హారిస్ ఇందులో సభ్యురాలే. 1998లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో దక్షిణాసియా అమ్మాయిలు కప్పా ఫై గామా మొదలుపెట్టారు. ప్రతిసారీ కథ ఒకటే. తలుపు తీయలేదు, పక్కన ఇంకో గుమ్మం పెట్టుకున్నారు.

మరి మన దగ్గర? సీతమ్మధార నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలోనే ఇలాంటి కథ ఉంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చిన రాజమండ్రి అమ్మాయి దుర్గాబాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ సీటు అడిగారు. వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి తటపటాయించారు. అమ్మాయిలకు హాస్టల్ లేదు కదా అన్నారు. ఆమె వెనక్కి తిరిగి ఇంటికి పోలేదు. చదువుకోవాలని ఉండి, ఉండటానికి చోటు లేని ఆడపిల్లలు రాయండి అంటూ పేపర్లో ప్రకటన ఇచ్చారు. రాసినవాళ్లు రాశారు. అందరూ కలిసి హాస్టల్ పెట్టుకున్నారు, సీటూ వచ్చింది. ఇది 1930ల సంగతి. గ్రీకు అక్షరాలూ బ్యాడ్జీలూ లేవన్నమాటే గానీ, చేసిన పని అదే.

నాకు ముఖ్యంగా కనిపించేది ఆ తర్వాత జరిగింది. ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. బడి మధ్యలో మానేసిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యాక అలాంటి కుదింపు కోర్సులనే దేశమంతా నడిపించారు. అంటే తన పని అయిపోయిందని చాప చుట్టేయలేదు. మన హాస్టల్ గ్రూపులు ఎక్కడ దెబ్బతింటున్నాయంటే ఇక్కడే. ఫైనల్ ఇయర్ ముగిసిన ఆర్నెల్లకు వాట్సాప్ గ్రూపులో మిగిలేది గుడ్‌మార్నింగ్ మెసేజులే.

ఇప్పుడీ విషయం ఎందుకంటే, విశాఖలో కంపెనీల కబుర్లు జోరుగా ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో రుషికొండలో టీసీఎస్‌కు ఎకరా 99 పైసలకు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. (డేటా సెంటర్ అంటే వేలల్లో కుర్చీలు వేస్తారని మాత్రం అనుకోకండి.) చాలా కంపెనీల్లో ఉద్యోగి పంపిన రెజ్యూమె హెచ్‌ఆర్ కళ్లలో ముందు పడుతుంది. టెస్టు, ఇంటర్వ్యూ అందరికీ మామూలే. కానీ ఆ టెస్టుదాకా వెళ్లడమే సగం యుద్ధం. బాబాయి ఐటీలో ఉన్న అమ్మాయికి ఆ దారి ఇంట్లోనే ఉంది. పాడేరు నుంచో పలాస నుంచో వచ్చి, ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి అయినవాళ్లకు? అబ్బాయిలకు సగం సమాచారం టీ కొట్టు దగ్గరే దొరుకుతుంది. మీ గేటు తొమ్మిదికల్లా పడిపోతుంది. మీకున్న నెట్‌వర్క్ ఆ గదే.

అయితే సొరోరిటీలలో ఉన్నదంతా మంచే కాదు. 2013లో అలబామా యూనివర్సిటీలో, నల్లజాతి అమ్మాయి అన్న కారణంతో సొరోరిటీలు చేర్చుకోలేదని విద్యార్థుల పత్రికే బయటపెట్టింది. తలుపు మూశారని పెట్టుకున్న సంఘాలు తామూ తలుపు మూయడం నేర్చాయి. మన గ్రూపుల్లోనూ ఇది లేదా? ఊరు, బ్రాంచి, కులం.. 'మనవాళ్లకే పంపు' అనే మాట మీరూ వినే ఉంటారు. చేరికల పేరుతో వేధించడమైతే మన దగ్గర నేరం; ర్యాగింగ్ మీద రాష్ట్ర చట్టం 1997 నుంచీ ఉంది.

కాబట్టి అడగండి, కానీ పద్ధతిగా. ఊరికే 'అక్కా, రెఫర్ చెయ్యవా' అని కాకుండా జాబ్ ఐడీ, ఒక పేజీ రెజ్యూమె, ఆ పనికి మీరెందుకు సరిపోతారో నాలుగు లైన్లు పంపండి. చదవడానికి రెండు నిమిషాలు పడితే అక్క కచ్చితంగా చూస్తుంది. రెఫరల్‌కి డబ్బులు అడిగేవాళ్లు ఎవరైనా, ఎంత తెలిసినవాళ్లైనా, అక్కడితో ఆపేయండి. ఆఫర్ వచ్చినవాళ్లు ఒక నోట్‌బుక్ పెట్టండి: ఏ కంపెనీ, ఎన్ని రౌండ్లు, ఏమడిగారు, ఎక్కడ తడబడ్డారు. రిజెక్ట్ అయినవాళ్లు కూడా రాయాలి, నిజానికి వాళ్ల పేజీలే ఎక్కువ పనికొస్తాయి. గది ఖాళీ చేసేటప్పుడు బకెట్టూ మగ్గూ ఎలాగూ జూనియర్‌కి వదిలేస్తారు. ఆ పుస్తకాన్ని కూడా వాటి పక్కనే పెట్టి వెళ్లండి.