రెండో కారా? రైలు పక్కన ఇల్లా?

మా అమ్మమ్మ కాలంలో పిల్లనిచ్చే ముందు ఆ ఊళ్ళో మంచినీళ్ళ బావి ఇంటికెంత దూరమో కనుక్కునేవారు. పిల్ల రోజూ బిందె మోయాలి కదా! ఇప్పుడు అల్లుడు అమెరికాలో ఉన్నాడంటే జీతం అడుగుతాం, వీసా అడుగుతాం. "బాబూ, ఇల్లెక్కడ తీసుకున్నావు? మా అమ్మాయి పాలు తెచ్చుకోవాలంటే ఎలా వెళ్తుంది?" అని మాత్రం అడగం. ఈ వారం ఆ ముచ్చటే చెప్పుకుందాం.

ఒక సోదరి రాశారు. కొత్త అల్లుడికి న్యూయార్కులో ఉద్యోగమట. రెండిళ్ళు చూసి పెట్టాడు. ఒకటి జెర్సీ సిటీలో రైల్వే స్టేషను దగ్గర, ఒకటే పడకగది, అద్దె ఎక్కువ. రెండోది ఎడిసన్ వైపు, రెండు పడకగదులు, పెద్ద వంటిల్లు, అద్దె తక్కువ, కానీ కారు లేనిదే గడవదు. "పెద్దిల్లే మేలు కదా?" అని ఆవిడ ప్రశ్న.

తొందరపడకండి అక్కయ్యా, ముందు లెక్క చూద్దాం.

జెర్సీ సిటీ అంటే న్యూయార్కుకి హడ్సన్ నది ఇవతలి ఒడ్డు. నది కింద సొరంగంలో 1908 నుంచే రైళ్ళు నడుస్తున్నాయి. ఇప్పుడు వాటిని పాత్ రైళ్ళంటారు, రాత్రీ పగలూ ఉంటాయి. జర్నల్ స్క్వేర్ స్టేషన్లో దిగి కాస్త నడిస్తే మన ఇండియా కొట్లున్న వీధి. కందిపప్పూ కరివేపాకూ కాలినడకన తెచ్చుకోవచ్చు. అక్కడ కారుంటేనే తలనొప్పి! వీధిలో పెట్టుకోవడానికి చాలాచోట్ల పర్మిట్ కావాలి. వీధులు ఊడ్చే రోజున బండి అవతలికి తియ్యాలి, లేకపోతే జరిమానా.

ఎడిసన్ కూడా మనవాళ్ళతో కళకళలాడే ఊరే. ఓక్ ట్రీ రోడ్డు పొడుగునా చీరల కొట్లు, మిఠాయి కొట్లు, నగల కొట్లు. పక్కనే మెట్రోపార్క్ స్టేషను, న్యూయార్కుకి రైలూ ఉంది. అయితే ఆ స్టేషనుకి వెళ్ళడానికే చాలామందికి కారు కావాలి. అల్లుడు పొద్దున్నే కారు స్టేషను దగ్గర పెట్టి రైలెక్కాడనుకోండి. సాయంత్రం దాకా కారు అక్కడ, అమ్మాయి ఇక్కడ. చవగ్గా దొరికిన పెద్దిల్లు రెండో కారు కొనమని అడిగేది అప్పుడే.

మరి కారంటే ఎంతవుతుంది? అమెరికాలో మోటారు వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ ఏటా ఈ లెక్క కడుతుంది. 2024లో వాళ్ళు చెప్పింది, కొత్త కారు ఏడాదికి 15,000 మైళ్ళు నడిపితే మొత్తం ఖర్చు 12,297 డాలర్లు. నెలకి వెయ్యి పైమాటే! పెట్రోలు, ఇన్సూరెన్సు, మరమ్మతులు, అప్పు మీద వడ్డీ, ఏటేటా కారు విలువ తరిగిపోవడం అన్నీ ఇందులోనే. పాత కారైతే తక్కువే పడుతుంది. కానీ కొత్తగా లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళకి ఇన్సూరెన్సు ఎక్కువ వేస్తారు, అది మర్చిపోకూడదు. స్టేషను పక్కింటికి నెలకి 600 డాలర్లు అద్దె ఎక్కువనుకుందాం. రెండో కారుకి 1,000 డాలర్లవుతుంటే మిగులు ఏ ఇంట్లో ఉందో మీరే చెప్పండి. అద్దెనీ కారునీ ఒకే చీటీ మీద రాసి కూడాలి, వేరు వేరుగా చూస్తే మోసపోతాం.

డబ్బు సంగతి అలా ఉంచండి. నేను చెప్పదలచుకున్న అసలు మాట వేరే ఉంది. ఆఫీసుకి వెళ్ళే మనిషిని చూసి ఇల్లు తీసుకుంటారు గానీ, పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఇంకొకరు! హెచ్-4 వీసా మీద వెళ్ళే ఆడపిల్లల్లో చాలామందికి వెళ్ళగానే ఉద్యోగం చేసే వీలుండదు. 2015 మే నుంచి కొందరికి పని అనుమతి ఇవ్వడం మొదలైంది గానీ, దానికి భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం కొంత ముందుకి సాగాలి. అందాకా పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నాలుగు గోడల మధ్య ఒక్కతే.

మా పిన్ని కూతురు డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాపురం పెట్టింది. డాలస్ రైళ్ళు ఆ ఊరి దాకా రావు. కొత్తలో ఫోన్ చేస్తే "ఇక్కడ రోడ్డు మీద మనుషులు కనిపించరే అక్కా, కార్లే కనిపిస్తాయి" అనేది. ఎండాకాలం మన రెంటచింతల ఎండే! ఏడాదికి లైసెన్సు తెచ్చుకుంది. ఆ రోజు ఫోన్లో దాని గొంతే మారిపోయింది.

ఫోన్లో నొక్కితే సరుకులొస్తాయి, టాక్సీ వస్తుంది కదా అంటారు. నిజమే. ఉప్పూ పప్పూ గుమ్మంలోకి వస్తాయి, పలకరించే మనిషి రాడు కదమ్మా! చంటిపిల్ల ఉంటే టాక్సీలోనూ పిల్లల సీటు కావాలి, అది మనమే మోసుకెళ్ళాలి.

అన్నట్టు, పురుడు పొయ్యడానికి వెళ్ళేది మనమే. మామూలుగా ఆరు నెలలుంటాం. కాలిబాట కూడా లేని వీధిలో ఆరు నెలలు కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం మీ వల్లవుతుందా?

అలాగని పెద్దిల్లు వద్దనడం లేదు. అక్కడ పిల్ల ఏ ప్రభుత్వ బడికి వెళ్ళాలన్నది మామూలుగా ఇంటి అడ్రసును బట్టి ఉంటుంది. అందుకే పిల్లలు బడికెళ్ళే వయసొచ్చాక చాలామంది ఎడిసన్ లాంటి చోట్లకి మారతారు. అద్దె ఒప్పందం తరచుగా ఏడాదికే కాబట్టి, మొదటి ఏడాది స్టేషను దగ్గర ఉండమనండి. ఆ ఏడాదిలో అమ్మాయి లైసెన్సు తెచ్చుకుంటుంది, డబ్బు కూడబెట్టుకుంటారు, ఊరు తెలుస్తుంది. అప్పుడు మారినా బెంగ లేదు.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అల్లుడిగారిని ఇవి కనుక్కోమనండి:

* పావుగంట నడకలో పాలు, మందులు దొరుకుతాయా? పార్కు, లైబ్రరీ ఉన్నాయా? అక్కడ చాలా లైబ్రరీల్లో పసిపిల్లలకి ఉచితంగా కథలు చెబుతారు. తల్లులకి స్నేహాలు కుదిరేది అక్కడే.
* బస్సు ఎంతసేపటికొకటి వస్తుంది? ఆదివారం ఉందా?
* కారు పెట్టుకునే చోటు అద్దెలో కలిసిందా, విడిగా కట్టాలా?
* మంచు కురిస్తే నడిచే దారి ఎవరు శుభ్రం చేస్తారు?

ఇక అమ్మాయి ఇక్కడున్న నాలుగు నెలల్లో స్టీరింగు పట్టుకోవడం నేర్పించండి. అక్కడ కుడివైపు నడపాలి, మళ్ళీ నేర్చుకుని పరీక్ష ఇవ్వాల్సిందే. అయినా భయం పోతుంది, సగం చదువు అదే. పచ్చళ్ళ సీసాలకి మూతలు బిగించే హడావుడిలో ఈ సంగతి మరవకండి. ఇంటి ఫొటోలు పంపితే వంటిల్లు చూసి మురిసిపోకండి. ఫోన్లో మ్యాపు తెరిచి, కారు బొమ్మ కాకుండా నడిచే మనిషి బొమ్మ నొక్కి, ఎక్కడికి ఎన్ని నిమిషాలో చూడండి.