గేటు లోపలి జర్నళ్లు

ఉస్మానియా క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి ఎల్సెవియర్, వైలీ, ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ జర్నళ్లను పైసా కట్టకుండా తెరుచుకుని చదువుకుంటున్నాడు. అదే యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న ప్రైవేటు కాలేజీ లెక్చరరమ్మ ఆ జర్నళ్లలోని వ్యాసాలు తెరవబోతే, ఒక్కోదానికి 30 డాలర్లో అంతకు పైనో కట్టమని ప్రచురణ సంస్థలు అడుగుతున్నాయి. ఆవిడ జీతం ఎంతో మనకు తెలియనిది కాదు.

ఈ తేడాకు మూలం ఒక కేంద్ర పథకం. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఒప్పుకుంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు ఇవి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ద్వారా అందుతున్నాయి. మంచి పనే, సందేహం లేదు. ఇంతకుముందు చాలావరకు ఎవరి బేరం వాళ్లదే. డబ్బున్న ఐఐటీలు కొనుక్కునేవి, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఏటా చందాలు తగ్గించుకుంటూ పోయేవి. ఇప్పుడు ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికీ బొంబాయి ఐఐటీకీ ఒకటే జాబితా.

కానీ ఈ 'నేషన్'లో ప్రైవేటు కాలేజీ లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగు, ఫార్మసీ చదువులు ఎక్కువగా నడిచేది అక్కడే. 'ప్రైవేటు యాజమాన్యాలకు డబ్బు లేదా, కొనుక్కోరా?' అంటారు. పెద్దవి కొంటాయి. ఊరి చివర ఫార్మసీ కాలేజీ కొనదు. తనిఖీ ఉందంటేనే అక్కడ లైబ్రరీ బీరువాల దుమ్ము దులుపుతారు. అయినా నష్టపోయేది యాజమాన్యం కాదు, పిల్లలు. వాళ్లలో ఎంతోమందికి ఫీజు రీయింబర్స్‌మెంటు ఇస్తున్నది ప్రభుత్వమే. ఫీజుకు పనికొచ్చిన విద్యార్థి జర్నల్‌కు ఎందుకు పనికిరాడు?

దారులు లేకపోలేదు. విదేశాల్లో చాలా యూనివర్సిటీలు ప్రచురణకర్తలతో ఒప్పందం చేసుకునేటప్పుడే ఒక షరతు రాయించుకుంటాయి: లైబ్రరీకి నేరుగా వచ్చిన బయటివాళ్లు కూడా అక్కడి కంప్యూటర్‌లో చదువుకోవచ్చు. లాగిన్ ఇవ్వక్కర్లేదు, కుర్చీ ఇస్తే చాలు. అలాంటి కుర్చీ ప్రతి యూనివర్సిటీ లైబ్రరీలోనూ ఉంటే జిల్లా కాలేజీల వాళ్లు బస్సెక్కి వస్తారు. బయటివాళ్లకు తలుపు తెరవడం మనకూ కొత్త కాదు: ఇదే ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఏ లాగినూ లేకుండా ఎవరైనా చదువుకోవచ్చు. తెలుగు శాఖల పరిశోధనలు కూడా అందులో దొరుకుతాయి.

పథకం మూడేళ్ల గడువు 2027తో తీరిపోతుంది. కొత్త బేరం అంతకు ముందే మొదలవుతుంది. ఆలోపే రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లూ అనుబంధ కాలేజీల జాబితా పట్టుకుని ఢిల్లీ వెళ్లాలి. లెక్చరర్ల సంఘాలు ఈ సంగతి జీతాల డిమాండ్ల పక్కనే రాయాలి.