కంచె బలము నేలలో నున్నది

2017 ఫిబ్రవరి 28వ తేదీ వేకువజామున, భువనేశ్వరము నుండి విజయవాడ మీదుగా హైదరాబాదునకు బోవుచుండిన ప్రైవేటు బస్సొకటి, పెనుగంచిప్రోలు మండలము ముళ్లపాడు వద్ద డివైడరును దాటి, రహదారి రెండు దారుల కల్వర్టుల నడుమనున్న ఖాళీలో బడగా, పదిమందికి తక్కువ గాకుండ ప్రాణములు గోల్పోయిరి. చోదకుని తప్పెంతయో అట్లుండనిండు; అదుపుదప్పిన బండిని మ్రింగునట్టి గొయ్యి రెండు దారుల నడుమ తెరచియుండుట మాత్రము చోదకుని తప్పు గానేరదు. మనుష్యుడు కునుకుట, పొరబడుట సహజమని యెరిగి, ఆ క్షణమునకై నిలుపబడినదే రక్షణకంచె.

దాని ధర్మము బండిని నిలిపివేయుట గాదు, దారికి మళ్లించుట. ఇరువది డిగ్రీల కోణమున వచ్చి తాకిన వాహనము గతిశక్తిలో నూటికి పండ్రెండు పాళ్లు మాత్రమే కంచెను అడ్డముగా నెట్టును. తక్కినది దారి వెంబడి సాగిపోవును. ఆ పండ్రెండు పాళ్లను ఉక్కుపట్టీ సాగుచు, స్తంభములు ఒకదాని వెనుక నొకటి వంగుచు, క్రమక్రమముగా హరింపవలెను. ఐరోపా పరీక్షలలో 1,500 కిలోల కారును గంటకు 110 కిలోమీటర్ల వేగమున కొట్టించి యొక తరగతి కంచెను, 13,000 కిలోల బస్సును 70 కిలోమీటర్ల వేగమున అదే కోణమున కొట్టించి అంతకుమించిన తరగతి కంచెను నిర్ణయింతురు. వేగము తక్కువైనను రెండవ దెబ్బ మొదటిదానికి మూడున్నర రెట్లు. ఆర్టీసీ బస్సులును, ధాన్యపు లారీలును, కైకలూరు చేపల లారీలును నిత్యము తిరుగు బాటలకు కారు కొలత కంచె చాలునని తలచుట నా దృష్టిలో అక్షమ్యము.

అయితే కృష్ణా డెల్టాలో తరగతి నెంచుకొనుటతోనే పని తీరదు. 1855 నాటికి ఆనకట్ట పూర్తియైన పిమ్మట విస్తరించిన బందరు, ఏలూరు, రైవస్ కాలువల ప్రక్కనే, పలుచోట్ల వాని గట్లమీదనే, మన బాటలు సాగినవి. ఆ నేల చాలమేరకు నల్లరేగడి: వేసవిలో నెర్రెలు విచ్చును, కాలువకు నీరు వదలిన పిమ్మట నాని మెత్తబడును. స్తంభమును నిలువబెట్టునది దాని వెనుకనున్న మన్ను. గట్టు అంచున ఆ వెనుక నున్నది వాలు, వాలు క్రింద నీరు. గట్టినేలపై పరీక్షింపబడిన కంచెనే ఇక్కడ నాటినచో, ఉక్కు తెగకుండగనే స్తంభము మన్నుతో సహా ఒరిగి, పట్టీ కూడ దానితో వాలి, బండికి కాలువలోనికి దారి చూపును. పైగా కంచె వంగుటకు వెనుక కొంత జాగా కావలెను. ఇరుకు గట్లపై అదియును లేదు. కావున స్తంభములు మరింత లోతుగను, దగ్గరగను దిగవలెను, లేదా వానినన్నిటిని కలుపుచు నేలలో కాంక్రీటు దూలము సాగవలెను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో వెలువరించిన ఐఆర్‌సీ 119 మార్గదర్శకములు మనకు గలవు. వానికి తోడుగ, నీరు నిండిన కాలములో ఆ గట్టుమీదనే నాటిన స్తంభమును లాగి చూచు పరీక్షను టెండరు షరతులలో జేర్పవలెను.

కల్వర్టుల వద్ద దోషము మరియొక విధము. పాత పిట్టగోడలు పాదచారులు జారిపడకుండ కట్టినవే గాని బస్సు తాకిడిని తలచి కట్టినవి గావు. 2021 డిసెంబరులో జంగారెడ్డిగూడెము సమీపమున ఆర్టీసీ బస్సు వంతెన రెయిలింగును ఢీకొని జల్లేరు వాగులో బడినది. ఇట్టిచోట్ల వంగెడి ఉక్కుపట్టీ గోడకు సమీపించుకొలది బిగువు హెచ్చుచు, చివరకు గోడతో బిగింపబడవలెను. మధ్య నొక బారెడు ఎడమున్నను కంచె పెట్టిన ఫలము దక్కదు.

బాట రోడ్లు భవనముల శాఖదిగను, గట్టు జలవనరుల శాఖదిగను ఉన్నచోట, గట్టులో కాంక్రీటు దింపుటకు ఉభయుల సమ్మతి యవసరము. కాలువలు కట్టివేసిన వేసవి నెలలే ఈ పనికి అనువైన కాలము గావున, ఏ మలుపున, ఏ కల్వర్టున మొదలిడవలెనో ఇరుశాఖల ఇంజనీర్లు కలసి నడచి చూచి, కాలువలు కట్టకముందే నిర్ణయింపవలెను.