పగిలిన రబ్బరూ, పొదుపు లెక్కలూ

మా నాన్నగారు వాడిన యమహా ఆరెక్స్ 100 ఇప్పటికీ మా వసారాలో ఉంది. అలంకారానికి కాదు, వారానికి రెండు మూడుసార్లు నన్ను మోస్తుంది కూడా. 1985లో మన రోడ్లమీదికి వచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన బండి అది. ఇనుము ఇన్నేళ్ళను తట్టుకుంటుంది. తట్టుకోలేనిది రబ్బరు.

ఈ బండి ఉన్నవారికి ఏదో ఒకనాడు తప్పని వ్యవహారమే ఇది. కార్బురేటరుకు ముందూ వెనకా ఉండే రబ్బరు భాగాలు బీటలు వారతాయి. మెకానిక్కు వంగి చూసి, "రబ్బరు పోయింది సార్, మార్చేద్దాం" అంటాడు. నాబోటి పొదుపరి, "ఉండు భాయ్, నేను చూసుకుంటాలే" అంటాడు. ఇద్దరిదీ చెరి సగం తప్పేనని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం ఏర్పడడానికి నాకు ఒక పిస్టను ఖర్చయింది.

ముందుగా ఆ రెండు రబ్బర్ల తేడా చెప్పాలి. ఒకటి ఎయిర్ ఫిల్టరు పెట్టె నుంచి కార్బురేటరుకు గాలి తెచ్చేది. రెండవది కార్బురేటరును ఇంజనుకు కలిపేది. దీనికి ఒక చివర లోహపు పలక ఉంటుంది, బోల్టులతో బిగిస్తారు. చూపులకు రెండూ నల్లటి గొట్టాలే. మొదటిదానిలో బీట పడితే వడకట్టని దుమ్ము లోపలికి పోతుంది. అది చెడ్డదే, కానీ నిదానంగా అరగదీసే చెడు. రెండవదానిలో బీట పడితే, కార్బురేటరు కొలిచి కలిపిన మిశ్రమంలోకి ఇంజను దొంగదారిన అదనపు గాలి పీల్చుకుంటుంది. పెట్రోలు పాలు తగ్గి వేడి పెరుగుతుంది. నాలుగు స్ట్రోకుల బండిలో ఈ లోపం చాలావరకు నడకను పాడుచేసి ఊరుకుంటుంది. రెండు స్ట్రోకుల బండిలో పిస్టన్నే పట్టేస్తుంది.

ఈ సంగతి నాకు తెలియదని కాదు. తెలిసే చేశాను. ఇంజను వైపు రబ్బరు బీటలకు పంక్చరు సొల్యూషను పూసి, పైన సైకిలు ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించి, నా పనితనానికి నేనే మురిసిపోయాను. పది రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం వెంటనే దిగడం మానేసింది. గాలి పడుతోందనడానికి అంతకన్నా స్పష్టమైన గుర్తు లేదు. నేనేమో ఐడిలింగు స్క్రూ కాస్త వదులు చేసి, రోగాన్ని కాక రోగలక్షణాన్ని నయంచేశాను.

ఆ వేసవిలోనే మంగళగిరి దాటి గుంటూరు వైపు వెళుతుండగా, మా మేనల్లుడు వెనక కూర్చుని ఉండగా, ఇంజను సీజయింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకు ఈడ్చింది. అలవాటుగా ఎడమచెయ్యి క్లచ్చి నొక్కింది కాబట్టి మోచేతులు గీరుకోవడంతో సరిపోయింది. మా వెనక ఆ క్షణాన లారీ ఏదీ లేదు. వాడు లేచి ప్యాంటు దులుపుకుంటూ, "మామయ్యా, ఏమయింది?" అన్నాడు. చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత విప్పి చూస్తే సొల్యూషను పెట్రోలు తడికి కరిగి బంకలా సాగుతోంది. కొన్ని వందల రూపాయల రబ్బరు దగ్గర చూపిన పొదుపు, బోరింగు, ఓవర్‌సైజు పిస్టను, రింగులతో కలిసి వేలల్లో తేలింది.

అలాగని కనిపించిన ప్రతి బీటకూ కొత్త భాగం కొనమనను. ఆ మెకానిక్కు తప్పు అక్కడే ఉంది. పెట్రోలును తట్టుకునే నైట్రైల్ రబ్బరు గాలిలోని ఓజోనును అంతగా తట్టుకోలేదు, అందుకని పైపైన సన్నటి గీతలు పడతాయి. ఆ గీతలన్నీ లోపలిదాకా పోవు. విప్పి, బొటనవేళ్ళతో వంచి, టార్చి వేసి లోపల చూడాలి. అనుమానం తీరకపోతే పలక వైపు అరచేత్తో గట్టిగా మూసి, బకెట్ నీళ్ళలో ముంచి, రెండవ చివర నుంచి ఊదాలి. పంక్చరు వేసేవాడి విద్యే. బుడగలు రాకపోతే రబ్బరు నిర్దోషి. అసలు దొంగ పలకా ఇంజనూ కలిసే చోట ఉండవచ్చు. బోల్టులు అతిగా బిగించడం వల్ల పలక వంగుతుంది. అద్దంమీద ఎమెరీ కాయితం పరచి పలకను చదునుగా రుద్ది, కొత్త గాస్కెట్టు వేస్తే చాలు. దీనికయ్యే ఖర్చు టీ కాఫీల లెక్కలోది.

ఫిల్టరు వైపు రబ్బరును మాత్రం నిరభ్యంతరంగా అతికించుకోవచ్చు. జిడ్డంతా స్పిరిట్టుతో తుడిచి, బీట అంచులను గరుకుచేసి, కారు అద్దాలు అతికించే నల్లటి పాలీయురెథేన్ సీలెంటు పట్టించి, ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. అది ఆరాక కూడా రబ్బరులా వంగుతుంది. మామూలు సిలికాను పెట్రోలు తగిలితే ఉబ్బి ఊడిపోతుంది. ఫెవిక్విక్కు, ఎమ్‌సీల్ రాయిలా గట్టిపడి, ఇంజను అదురుకు మళ్ళీ పగులుతాయి. పగలకుండా బిర్రబిగిసిన రబ్బరైతే, నొప్పులకు రాసుకునే గంధపూర తైలం ఒక పాలు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు రెండు పాళ్ళు కలిపి కొన్ని గంటలు నానబెడితే మెత్తబడి, చిరగకుండా ఎక్కుతుంది. అది బీటలను మాత్రం పూడ్చదు. కడుపులోకి పోతే విషం, నిప్పుకు అంటుకుంటుంది కూడా. పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

"బజారులో దొరికే నకలు రబ్బరు కన్నా అతికించిన పాతదే నయం" అనేవారున్నారు. వారి బాధ నాకు తెలుసు. కొన్ని నకళ్ళు పెట్రోలు తగలగానే ఉబ్బుతాయి, కొన్నింటి పలకే వంకర. పైగా 2023లో మొదలై 2025 నాటికి దేశమంతటా పరచుకున్న ఇరవై శాతం ఇథనాలు పెట్రోలు ఈ పాత రబ్బర్లను దృష్టిలో పెట్టుకుని వచ్చింది కాదు. అయినా సరే, కొత్తదాన్నే కొని, బిగించేముందు దాన్నీ బకెట్‌లో ముంచి చూడమంటాను. ఇంజను వైపు జిగురుకు చోటు లేదు.

నేను అతికించిన ఫిల్టరు రబ్బరు నాలుగేళ్ళుగా నిక్షేపంగా ఉంది. ఆ వేళ వాడగా మిగిలిన సీలెంటు మాత్రం ట్యూబులోనే గడ్డకట్టి వృథా అయింది. పొదుపు లెక్కలో దాన్నీ ఖర్చు కిందే రాసుకున్నాను.