మన ఇంటి రొట్టె మనకు నామోషీనా?

తోటి విద్యార్థినులారా! ఆరోగ్యమే మహాభాగ్యము అని పెద్దలు అన్నారు. పరీక్షలో ఆ మాట రాసి మార్కులు తెచ్చుకుంటాం. బయటికి రాగానే పది రూపాయల పొట్లం చింపుతాం. నేనూ అంతే. అందుకే ఇది రాస్తున్నాను.

మాది మారేడుమిల్లి కొండల్లో ఊరు. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదలు. పోయిన ఏడాది మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. రోడ్డు దాకా నడిచి, రాజమండ్రిలో బస్సు మారి, రావులపాలెం మీదుగా ఇంత దూరం వచ్చింది. చోడి పిండిలో ఉప్పు, పచ్చిమిరప, మునగాకు కలిపి, అడ్డాకుల మధ్య పెట్టి నిప్పుల మీద కాల్చిన రొట్టెలు తెచ్చింది. చోళ్ళు అంటే రాగులే. పక్కన కొందరి అమ్మలు చిప్సు పొట్లాలు తెచ్చారు. నాకు సిగ్గేసింది. రొట్టెలు పెట్టె అడుగున దాచేశాను. "ఈసారి పొట్లాలు తే అమ్మా" అన్నాను. నాలుగు రోజులకి చూస్తే రొట్టెలు బూజు పట్టాయి. ఎవరూ చూడకుండా పారేశాను.

తర్వాతసారి అమ్మ పొట్లాలే తెచ్చింది. సంతలో చింతపండు అమ్మిన డబ్బులు వాటికి పెట్టింది. రొట్టెలు తేలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం మా వంట అక్క వాళ్ళ ఇంటి నుంచి పొట్టిక్కలు తెచ్చి పెట్టింది. అంబాజీపేట పొట్టిక్కలంటే కోనసీమలో పేరు. పనసాకులు నాలుగు తీసుకుని పుల్లలతో గుచ్చి బుట్టలా చేస్తారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. నూనె అక్కర్లేదు. ఆకు వాసన పిండికి పడుతుంది. కొబ్బరి పచ్చడితో తింటే చాలా బాగుంటాయి. హోటల్లో డబ్బులిచ్చి మరీ తింటారు. ఆ ఆకు విప్పుతుంటే నాకు అమ్మ రొట్టె గుర్తొచ్చింది. వీళ్ళది పనసాకు, మాది అడ్డాకు. వీళ్ళు గొప్పగా చెప్పుకుంటున్నారు, నేను దాచుకున్నాను. తప్పు రొట్టెది కాదు, నాది.

నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాముల దాకానే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది. ఆ ఏడు మార్చిలో మన రాష్ట్రం బడుల్లో రాగి జావ మొదలైంది. మా అవ్వ చిన్నప్పటి నుంచీ తాగే అంబలికి ఇప్పుడు పేరొచ్చింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అంటే ఇదే కాబోలు.

ఇంకో సంగతి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. మనకీ పదిహేనేళ్ళు వస్తున్నాయి. మనకి ఇనుము కావాలి. మునగాకు, శనగలు, నువ్వులు తినాలి. శనగ గుగ్గిళ్ళ మీద నిమ్మకాయ పిండితే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పొట్లంలో ఎక్కువగా ఉండేది ఉప్పు, నూనె. పెద్దవాళ్ళకే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఇంట్లో చేసిందల్లా మంచిదే అని నేను అనను. జంతికలు, చెక్కలు నూనెలో వేగినవే. పండక్కి సరే, రోజూ వద్దు.

వార్డెన్ మేడం గారికి నా మనవి. బయట తిండి పాడైతే పిల్లలకు వాంతులవుతాయని మీ భయం. అది నిజమే. కాబట్టి అమ్మానాన్నలు వచ్చిన రోజున తెచ్చినవి మీకు చూపిస్తాం. ఆ పూటే భోజనాల హాలులో అందరం పంచుకు తింటాం. పెట్టెల్లో దాచం. నెలకోసారి సాయంత్రం పొట్టిక్కలు గానీ గుగ్గిళ్ళు గానీ పెట్టించండి. పనసాకులు మేమే కుడతాం.

ఈ కోనసీమలోనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టేవారు. ఆమె 1909లో చనిపోయారు. 2024లో బడి భోజనానికి ఆమె పేరు పెట్టారు. అలాంటి చోట చదువుకుంటూ నేను అమ్మ తెచ్చిన తిండి పారేశాను.

పోయిన వారం ఫోనులో "ఈసారి అడ్డాకు రొట్టెలు తే అమ్మా" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "నీకు నచ్చవనుకున్నానే" అంది. పారేసిన సంగతి ఇంకా చెప్పలేదు. వచ్చాక చెప్తాను.

స్నేహితులారా, ఆ రోజు తలా ఒక ముక్క పెడతాను. మీ ఇంటివి కూడా తెప్పించండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని