నొక్కినవాడిదేనా తప్పంతా?

ఈ వారం హనుమకొండ సుబేదారిలోని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయనను అందరూ కలిసి కడిగేశారు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన సారు. రాత్రిపూట ఆయన నంబరు నుంచి ‘ఆర్టీవో చలాన్’ అనే ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్ వేసే ఫైలు, గ్రూపులో పడింది. సారు పంపాడు కదా, ఏదో పనికొచ్చేదే అయి ఉంటుందని కొందరు తెరిచారు. తెల్లారేసరికి వాళ్ల నంబర్ల నుంచి వాళ్ల చుట్టాల గ్రూపుల్లోకి అదే ఫైలు పాకింది. ఇక మొదలు. “సార్, మీరే గిట్ల పంపుతే ఎట్ల?” అని ఒకరు. “సదువుకున్నోళ్లకే తెలివి లేకపాయె” అని ఇంకొకరు. నిజానికి సారు ఏమీ పంపలేదు. ఆయన ఫోనులో దూరింది పంపింది. అయినా చేతులు జోడించిన బొమ్మ పెట్టి క్షమాపణ చెప్పుకున్నది ఆయనే.

నాకు మండింది ఇక్కడే. ఇల్లు దోచినవాడిని వదిలేసి ఇంటాయనను బోనెక్కించడం మనకు బాగా అలవాటైపోయింది. పోలీసు ప్రకటన చూసినా, బ్యాంకు పోస్టరు చూసినా, టీవీలో నిపుణుడి మాట విన్నా సారాంశం ఒక్కటే: అప్రమత్తంగా ఉండండి, తెలియని లింకులు నొక్కకండి. తెలియని లింకు ఎవరు నొక్కుతారండీ? జనం నొక్కేది తెలిసినవాళ్లు పంపిన లింకునే. ఈ దొంగతనం నడిచేదే ఆ నమ్మకం మీద.

మహేశ్ బ్యాంకు సంగతి గుర్తుందిగా. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12.48 కోట్ల రూపాయలు ఎగిరిపోయాయి. కన్నం వేసింది అంతకు రెండు నెలల ముందే. 2021 నవంబరులో బ్యాంకు ఉద్యోగులకు 200 దాకా దొంగ మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు ఉద్యోగులు చిక్కారు. ఎక్కడో కూర్చుని ఇక్కడి కంప్యూటరును ఆడించే వైరస్ ఆ దారిన లోపలికి దిగింది. డబ్బు ముందు వందకు పైగా ఖాతాల్లోకి, అక్కడి నుంచి ఇంకెన్నో ఖాతాల్లోకి చీలిపోయి, దేశంలో ఎక్కడెక్కడి ఏటీఎంల నుంచో బయటికొచ్చింది.

200 మెయిళ్లకు ఇద్దరు. అంటే, నా లెక్కలో, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు అప్రమత్తత ఉన్నట్టే. అయినా 12 కోట్లు పోయాయి. అప్రమత్తత ఒక్కదాని మీద కట్టిన భద్రత ఎంత గట్టిదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ కేసులో మన పోలీసులకు దండం పెట్టాలి. ఆ ఇద్దరి పేర్లు చెప్పి చేతులు దులుపుకోలేదు. దొంగ మెయిళ్లను గుమ్మంలోనే ఆపే ఏర్పాటు లేదని, ఒక కంప్యూటరులో దూరినవాడు మిగతావాటిలోకి పోకుండా అడ్డుగోడలు లేవని, బ్యాంకు మొత్తాన్ని చేతికిచ్చే ‘సూపర్ యూజర్’ ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయని ఏకరువు పెట్టారు. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది కూడా బ్యాంకుకే. పోయిన సొమ్ముతో పోలిస్తే అది ఏపాటి? కానీ వేలు చూపాల్సిన వైపు చూపారు. నాకు అది చాలు.

అసలు మెయిలు పుట్టుకలోనే లొసుగుంది. 1982లో మెయిళ్లు అటూ ఇటూ పంపే నియమాలు రాసినప్పుడు, పంపినవాడు చెప్పుకున్న పేరు నిజమా కాదా అని అడిగే పద్ధతి పెట్టలేదు. కార్డు చివర ‘ఇట్లు, మీ మేనమామ’ అని ఎవడైనా రాసి డబ్బాలో వేసినట్టే. తర్వాత ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు వచ్చాయి. మా పేరుతో ఫలానా సర్వరు నుంచి వచ్చిన మెయిళ్లే మావి, మిగతావి చెత్తబుట్టలో వేయండి అని ప్రతి సంస్థా ముందే ప్రకటించుకునే ఏర్పాటు అది. చేయాల్సింది సంస్థ. సాయంత్రం నడకకు పోయి వచ్చి ఫోను చూసుకునే రిటైర్డు సారు కాదు.

పైగా ఈ తనిఖీలన్నీ దొంగ పేరును పట్టుకుంటాయే తప్ప, మన మిత్రుడి ఖాతాలోనే దొంగ కూర్చుంటే పట్టుకోలేవు. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వైరస్ చేసింది అదే. ఫిలిప్పీన్స్‌లో పుట్టి, ఒక్కో కంప్యూటరులోని చిరునామాల పుస్తకం తిరగేసి, అందులో ఉన్నవాళ్లందరికీ ఆ కంప్యూటరు యజమాని పేరు మీదే ప్రేమలేఖ పంపింది. పై అధికారి నుంచి ప్రేమలేఖ వస్తే తెరవనివాడెవడు? బ్రిటన్ పార్లమెంటు, అమెరికా రక్షణ శాఖ తమ మెయిలును ఆపుకోవాల్సి వచ్చింది. లండన్‌లో ఎంపీలకు లేని విద్య మా సుబేదారి సారుకు ఉండాలట! పాతికేళ్లు గడిచాయి. మెయిలు పోయి వాట్సాప్ వచ్చింది, ప్రేమలేఖ పోయి పెళ్లిపత్రిక, పీఎం కిసాన్, ట్రాఫిక్ చలాన్ వచ్చాయి. ఏపీకే తెరిచి, అది అడిగిన అనుమతులన్నీ ఇచ్చామా, మన ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది, ఓటీపీ ఎత్తుకుపోతుంది, మన పేరుతో మనవాళ్లకు తనను తాను పంపుకుంటుంది. వల పాతదే, ఎర మారింది.

కేంద్రం పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం సైబర్ మోసాల్లో దేశం 2023లో పోగొట్టుకున్నది 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలు. జనం తెలివి ఒక్క ఏడాదిలో మూడో వంతుకు పడిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పడిపోయింది మరొకటి. అసలు కబురేదో, నకిలీ కబురేదో పోల్చుకునే ఆనవాళ్లను ప్రభుత్వాలే చెరిపేశాయి. మన ఊరి చిరునామానే చూడండి. 2016లో వరంగల్ జిల్లా ముక్కలై అర్బన్, రూరల్ అయింది. 2021లో అర్బన్ పోయి హనుమకొండ అయింది, రూరల్ పోయి వరంగల్ అయింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. దాంతో పోలీసు వెబ్‌సైటు మారింది, బస్సు వెబ్‌సైటు మారింది, నక్కలగుట్టలోని మన కరెంటు కంపెనీ పేరూ మారింది. ఒక్క అక్షరం తేడా చూసి దొంగను పట్టుకోమని మనకు పాఠం చెప్పేది వీళ్లే, అక్షరాలు మార్చేదీ వీళ్లే. పెండింగు చలాన్లకు 2023 డిసెంబరులో భారీ రాయితీ ప్రకటిస్తే, దాని వెనకే నకిలీ చలాన్ వెబ్‌సైటు పుట్టుకొచ్చి, పోలీసులే జాగ్రత్త చెప్పాల్సి వచ్చింది. పథకం సర్కారుది, ప్రచారం సర్కారుది, గల్లా పెట్టె దొంగది.

ఇక నాకు ఎప్పటినుంచో ఒళ్లు మండే విషయం. మన దగ్గర ఏ ఆఫీసు బోర్డు మీదైనా, ఏ టెండరు ప్రకటన కిందైనా మెయిలు చిరునామా చదవండి. చాలావాటికి చివర జీమెయిల్ డాట్ కామ్ అని ఉంటుంది. సర్కారు పనికి సర్కారు మెయిలే వాడాలని కేంద్రం తన ఉద్యోగులకు 2015 ఫిబ్రవరిలోనే విధానం ప్రకటించింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. బ్యాంకులు మారగా లేనిది మండలాఫీసు మారలేదా? ఉచిత మెయిలు ఎవడైనా తెరుస్తాడు. ఆఫీసరు పేరుకు చివర ఒక అంకె తగిలించి నేనూ తెరవగలను. ఆఫీసరుగారి అసలు చిరునామాకూ నా దొంగ చిరునామాకూ తేడా ఏమిటో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు ఎట్లా కనిపెడతాడు?

ఉత్తర్వుల సంగతీ అంతే. ఒకప్పుడు ఆఫీసు కాగితానికి ఒక నంబరు, ఒక తేదీ, కింద సంతకం, దాని మీద రబ్బరు ముద్ర ఉండేవి. ఇప్పుడు ఉత్తర్వును ఫోనుతో ఫొటో తీసి గ్రూపులో పడేస్తున్నారు. అది పది గ్రూపులు తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి మొదట వేసినదెవరో బ్రహ్మకు కూడా తెలియదు. బడి పంతుళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, పంచాయతీ కార్యదర్శులు రోజంతా ఇలాంటి ఫైళ్లు తెరుస్తూనే బతుకుతున్నారు. ‘వెంటనే ఈ యాప్ వేసుకుని వివరాలు నింపండి’ అని పై నుంచి వచ్చే అసలు ఆజ్ఞకూ, దొంగ పంపే ఫైలుకూ భాష కూడా ఒకటే. తెరవకపోతే మెమో, తెరిస్తే ఖాతా ఖాళీ.

అనుమానం వస్తే ఏం చేయాలి? నిపుణుల సలహా సరైనదే: పంపినవారికి ఫోను చేసి, గొంతు విని, అడిగి తెలుసుకోవాలి. మిత్రుడైతే ఎత్తుతాడు. ఆఫీసైతే? వెబ్‌సైటులో ఉన్న ల్యాండ్‌లైన్ నంబరుకు చేసి చూడండి. మోగితే అదృష్టం, ఎత్తితే మహాభాగ్యం. నేను ఒక ఆఫీసుకు మధ్యాహ్నందాకా చేశాను. చివరికి ఎత్తినాయన, ‘సెల్లుకు వాట్సాప్ పెట్టండి సార్’ అన్నాడు. మోసపోయాక చేసే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఒక వ్యవస్థ ఉంది. మోసపోకముందు చేయడానికి ఏముంది?

కాబట్టి మా సారుతో క్షమాపణ చెప్పించినవాళ్లకు ఒక మనవి. ఏపీకే వేసుకున్నామని తెలిస్తే ముందు ఆ ఫోనుకు నెట్ ఆపండి, ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు, 1930కి చెప్పండి, ఆ తర్వాత మీ పరిచయస్తులందరికీ సిగ్గుపడకుండా చెప్పండి. తిడతారన్న భయంతో నోరు మూసుకుని కూర్చున్న ప్రతి గంటా దొంగకు కలిసొచ్చేదే. తిట్టే నోళ్లు వాడికే సాయం చేస్తున్నాయి.

రెండు కలెక్టరేట్లకు, పోలీసు కమిషనరేట్‌కు ఇంకో మనవి. ఫలానా చిరునామాల నుంచి, ఫలానా నంబర్ల నుంచే మా కబుర్లు వస్తాయి, యాప్ ఫైలు మేం ఎన్నడూ వాట్సాప్‌లో పంపం అని ఒక్క పేజీ అచ్చువేసి ప్రతి రేషను దుకాణంలో అంటించండి. నిట్ ఉన్న ఊరు, మడికొండలో ఐటీ కంపెనీలున్న ఊరు. ఆఫీసుల మెయిళ్లు సరిచేయడానికి మనుషులు కావాలంటే కరువేమీ లేదు. అది కూడా బరువనిపిస్తే కనీసం ఒక్క పని చేయండి. ప్రతి ఆఫీసులో మోగే ఫోను ఒకటి, దాన్ని ఎత్తే మనిషి ఒకరు. దీనికి ఏ యాప్ అక్కర్లేదు.