కీమో నిర్ణయం ఎవరిది?

రొమ్ము క్యాన్సర్ గురించి మన పత్రికల్లో వచ్చేదంతా దాదాపు ఒకే మాట. ముందుగా గుర్తించండి, భయపడకండి, పరీక్ష చేయించుకోండి. ఆ మాట అవసరమే. కానీ గుర్తించిన తర్వాత? గడ్డ చిన్నదే, ఆపరేషన్ అయిపోయింది, కుట్లు మానాయి. ఇక 'కీమో' ఎక్కించుకోవాలా వద్దా అన్న ప్రశ్న ముందుకొచ్చినప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోని స్త్రీ ఆ నిర్ణయం ఎలా తీసుకుంటోంది? అసలు తీసుకునేది ఆమేనా?

నేను చూసినంత మేరకు కాదు. డాక్టరు గదిలో భర్తతోనో, కొడుకుతోనో మాటలు జరిగిపోతాయి. ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. దేవరకొండ వైపు నుంచి మా దగ్గరికి వచ్చిన ఒక వ్యవసాయ కూలీ మహిళ చేతిలో సంచీడు కాగితాలున్నాయి. "మా ఆయనకు జెప్పిన్రక్కా, నాకు జెప్పలే. సూదులు పడుతయని మాత్రం ఎర్క" అన్నది. ఆ సంచిలోని ఒక్క కాగితాన్నీ ఎవరూ ఆమెకు చదివి వినిపించలేదు. "గా సూదులు తీసుకోకుంటే ఏమైతది?" అని ఆమె అడిగిన ప్రశ్న చాలా సరైన ప్రశ్న. అది డాక్టరును అడగవలసిన ప్రశ్న. అడిగే వీలు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ఢిల్లీలో ఒక మహిళ 1995లో అధిక రక్తస్రావమని ఆస్పత్రికి వెళ్లింది. ఆమె సమ్మతించింది పరీక్షకు మాత్రమే. మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. సమీరా కోహ్లీ కేసుగా పేరుపొందిన ఈ వివాదంలో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మేజరైన, తెలివిలో ఉండగలిగిన స్త్రీ తరఫున, ప్రాణాపాయం లేని పరిస్థితిలో, తల్లి కూడా సమ్మతి ఇవ్వలేదన్నది ఆ తీర్పు సారం. తల్లికే లేని అధికారం భర్తకు ఎక్కడి నుంచి వస్తుంది? సంఘాల్లో పనిచేసే మనం ఈ ఒక్క తీర్పును కంఠతా పట్టి ఉంచుకోవాలి.

ఇంకో విషయం కూడా నిర్మొహమాటంగా మాట్లాడుకోవాలి. మన ఉద్యమానికి వైద్యవ్యవస్థ మీద అనుమానం ఉంది. ఆ అనుమానం ఊరికే రాలేదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను, అది ప్రయోగమని చెప్పకుండా పేద స్త్రీలకు ఇవ్వబోతే స్త్రీశక్తి సంఘటన అడ్డుకుంది. ఇతర సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ తర్వాత పల్లెపల్లెనా ముప్పై ఏళ్లు నిండని స్త్రీలకు సైతం అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు జరగడం మన కళ్లముందే చూశాం. 2009-10లో ఖమ్మం జిల్లాలో బాలికల మీద హెచ్.పి.వి. టీకా అధ్యయనం జరిగినప్పుడు హాస్టల్ వార్డెన్లే సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారు. (ఆ టీకా పనిచేస్తుందా లేదా అన్నది వేరే సంగతి. పనిచేస్తుందనే తేలింది. మన అభ్యంతరం సమ్మతి గురించి.) ఇంత అనుభవమున్న మనం ఎవరైనా స్త్రీ వచ్చి "కీమో అంటున్నరు" అనగానే 'ఇదీ ఆస్పత్రుల దోపిడీలో భాగమే' అనేస్తే అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ మాట ఒక ప్రాణం తీయవచ్చు. గర్భసంచి ఆపరేషన్ విషయంలో మనకు ఉపయోగపడిన అనుమానాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టలేం. దాన్ని ప్రశ్నలుగా మార్చుకోవాలి.

ఆ ప్రశ్నలు అడగాలంటే మనకు కొంత తెలిసి ఉండాలి. రొమ్ము క్యాన్సర్ ఒక జబ్బు కాదు, కొన్ని జబ్బుల గుంపు. తీసిన గడ్డను పరీక్షకు పంపినప్పుడు దాని పరిమాణం, గ్రేడు, చంకలోని గ్రంథులకు పాకిందా లేదా అన్నది రాస్తారు. వీటితోపాటు రెండు మూడు అక్షరాల మాటలు కొన్ని ఉంటాయి: ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2. మొదటి రెండూ హార్మోను రిసెప్టర్లు. అవి ఉన్న గడ్డ అయితే టామోక్సిఫెన్ వంటి మాత్ర పనిచేస్తుంది. ఆ చవకైన మాత్రను రోజుకొకటి చొప్పున ఐదేళ్లు వేసుకుంటే మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయి. హెర్-2 ఉన్నదైతే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. 2014 నుంచి మన దేశంలోనే దాని తక్కువ ధర రకం తయారవుతోంది. ఈ మూడూ లేనిదాన్ని 'ట్రిపుల్ నెగెటివ్' అంటారు. దానికి టామోక్సిఫెన్ పనిచేయదు. తొలి దశలో ప్రధానమైన మందు కీమోనే, కొన్నిసార్లు ఆపరేషన్‌కు ముందే ఇస్తారు. పాశ్చాత్య దేశాల కంటే మన దేశంలో ఈ రకం ఎక్కువ. మన స్త్రీలకు ఈ జబ్బు రావడం కూడా అక్కడికంటే సుమారు పదేళ్లు ముందుగానే. అందుచేత 'తొలి దశే కదా, సూదులెందుకు' అన్న మాట కాగితం చూడకుండా ఎవరూ అనకూడదు. 'క్యాన్సరంటే సూదులు పడాల్సిందే' అన్న మాట కూడా అంతే.

ఇక్కడ లెక్క ఒకటి అర్థం చేసుకోవాలి. కీమో వల్ల మరణాలు మూడో వంతు తగ్గుతాయని డాక్టరు అంటారు. అబద్ధం కాదు. కానీ ఎన్నింట్లో మూడో వంతు? నూటికి ముప్పై మందికి ప్రాణాపాయం ఉన్న రకమైతే అది పది ప్రాణాలు. నూటికి ఆరుగురికే ఉన్న రకమైతే ఇద్దరు. మిగిలిన తొంభై ఎనిమిది మంది వాంతులు, జ్వరాలు, జుట్టు రాలడం అనుభవించి పొందింది లేదు. ఆ ఇద్దరిలో ఉండే అవకాశం కోసం సూదులు తీసుకుంటాననే స్త్రీ ఉంటుంది, వద్దనే స్త్రీ ఉంటుంది. ఇద్దరివీ సరైన నిర్ణయాలే. కానీ ఆ అంకె వాళ్లకు చెప్పాలి.

2018లో వెలువడిన టైలరెక్స్ అనే అధ్యయనం పదివేల మందికి పైగా స్త్రీలను పరిశీలించింది. హార్మోను రిసెప్టర్లుండి, హెర్-2 లేక, చంకకు పాకని రకంలో, గడ్డ జన్యువుల పరీక్షలో మధ్యస్థంగా స్కోరు వచ్చినవారికి మాత్రలతోపాటు కీమో ఇచ్చినా మొత్తం మీద అదనపు లాభం కనబడలేదు. యాభై ఏళ్లలోపు వారిలో కొందరికి మాత్రం కొంత లాభం ఉంది. అంటే అంతకుముందు ఎంతమంది స్త్రీలు అవసరం లేకుండానే ఆ బాధ పడ్డారో ఊహించుకోండి. కానీ ఆ అమెరికా పరీక్ష ఖరీదు లక్షల్లో. బెంగుళూరులో తయారైన పరీక్ష ఒకటి అంతకంటే చవకగా దొరుకుతున్నా కూలీ కుటుంబానికి అదీ దూరమే. 'నీకు కీమో అక్కర్లేదు' అని తెలుసుకునే హక్కు కూడా డబ్బున్నవారిదే అయింది.

అందుబాటులో ఉన్నదాన్నయినా మనం సరిగా వాడుకోవడం లేదు. రిసెప్టర్ రిపోర్టు రాకుండానే కీమో మొదలైన వాళ్లున్నారు. రిపోర్టు వచ్చినా అడిగి తీసుకోనివాళ్లు ఇంకా ఎక్కువ. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం చెబుతోంది. అయితే తిరగడానికీ ఒక గడువుంది. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు దాటితే కీమో లాభం తగ్గుతుంది. రెండో అభిప్రాయం పేరుతోనో, పసరు మందు పేరుతోనో ఆ గడువు దాటనివ్వకూడదు.

ఇక 'ఎంపిక' అనే మాట. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. అదే నెలలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఇవి చిన్న విషయాలు కావు, ఎకసెక్కాలాడే వాళ్లతో నేను ఏకీభవించను. కానీ మూడు వారాలకొకసారి హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆస్పత్రికి పోవాలంటే తోడుగా ఇంకొకరు రావాలి, ఇద్దరి కూలీ పోతుంది. కొన్ని మందులు వారం వారం పన్నెండుసార్లు ఎక్కిస్తారు. పుణేకో ముంబైకో వలసపోయిన పాలమూరు కుటుంబంలో ఆమె ఒక్కతే ముసలి అత్తతో ఊళ్లో మిగిలి ఉంటుంది. రెండో సూది తర్వాత జ్వరం వస్తే ఆ రాత్రే ఆస్పత్రికి చేరాలి. తెల్లకణాలు పడిపోయినప్పుడు వచ్చే జ్వరం ప్రాణాంతకం. అచ్చంపేట దాటి లోపలున్న తండాలో రాత్రి పది గంటలకు ఏ బండి దొరుకుతుంది? మూడు సూదులయ్యాక ఆమె మానేస్తే, రిజిస్టరులో ఆమెను మధ్యలో మానేసిన మనిషిగా రాసుకుంటారు. ఆమె మానలేదు, దారి లేక ఆగిపోయింది.

జుట్టు గురించి డాక్టర్లు ఒక్క వాక్యంలో చెప్పేస్తారు, మళ్లీ వస్తుందమ్మా అని. నిజమే, దాదాపు అందరికీ వస్తుంది. కానీ బోడితల అంటే మన సమాజంలో ఏమిటో వాళ్లకు తెలియదా? బతుకమ్మకు పోలేక ఇంట్లోనే ఉండిపోయిన వాళ్లను చూశాను. ఒకామె మాత్రం యాదగిరిగుట్టలో తలనీలాలిచ్చి వచ్చానని ఊరంతా చెప్పుకుంది. నమ్మారు, గౌరవించారు కూడా. ఆ తెలివికి నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. చిన్న వయసు స్త్రీలకైతే నెలసరి శాశ్వతంగా ఆగిపోవచ్చునన్నది సూది మొదలవకముందే చెప్పాలి. పిల్లలు కావాలనుకునే ఆమెకు అది పెద్ద ప్రశ్న.

మర్రిగూడ, మునుగోడు వైపు స్త్రీలకు సంబంధించిన సంగతి ఒకటి. ఫ్లోరోసిస్ ఉన్న ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. క్యాన్సర్ ఎముకలకు పాకితే కూడా కొన్నిసార్లు అలాగే కనిపిస్తుంది. తొలి దశను ముదిరిన దశగా పొరబడే ప్రమాదం ఉంది కనుక, ఏ నీళ్లు తాగి పెరిగారో డాక్టరుకు ముందే చెప్పించండి. ముట్లుడిగిన వారికి ఇచ్చే లెట్రోజోల్ వంటి మాత్రలకు కీళ్లనొప్పులు మామూలు. అప్పటికే వంగని మోకాళ్లతో ఉన్న మనిషికి ఆ సంగతీ ముందే తెలియాలి.

వివరం అంతా తెలిశాక డెబ్భై ఏళ్ల స్త్రీ 'నాకొద్దు బిడ్డా' అంటే ఆ మాటను గౌరవించాలి. 'పోరాడి గెలవాలి' అని ఉపన్యాసాలివ్వడం మనం మానుకోవాలి. తీసుకుంటానన్న స్త్రీకి మాత్రం ఆఖరి సూది దాకా తోడుండాలి. తోడు వెళ్లడానికి వంతులు వేసుకోవడం, రాత్రి బండికి సంఘం పొదుపులోంచి కొంత పక్కన పెట్టడం మన చేతిలోని పనులు.

కాని పనులకు ప్రభుత్వాన్ని నిలదీయాలి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి వైద్య కళాశాలలున్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. దేశంలోని అన్ని జిల్లా ఆస్పత్రుల్లో మూడేళ్లలో క్యాన్సర్ డేకేర్ కేంద్రాలు పెడతామని కేంద్రం 2025-26 బడ్జెట్‌లో చెప్పింది. మొదటి సూది పెద్ద ఆస్పత్రిలో వేసినా, మిగతావి సొంత జిల్లాలో వేసే ఏర్పాటు పక్కాగా కావాలి. రిసెప్టర్ ఫలితాన్ని తెలుగులో రాసిన కాగితం మీద ఇచ్చి, ఆ స్త్రీకే చదివి వినిపించాలి. మీ జిల్లా ఆస్పత్రిలో కీమో ఇస్తున్నారా, వారానికి ఎన్ని రోజులు, జ్వరం వస్తే రాత్రిపూట చేర్చుకుంటున్నారా, సమ్మతి పత్రం మీద సంతకం ఎవరిచేత పెట్టిస్తున్నారు – ఈ నాలుగు విషయాలు కనుక్కుని, రోగుల పేర్లు లేకుండా, వచ్చే సంచికలోగా మాకు రాయండి. వాటిని మండలాలవారీగా అచ్చువేసి కలెక్టర్లకు ఇస్తాం.